సొరంగంలో ఇరవై నాలుగు గెంతులు

మధ్యాహ్నం ఒంటిగంటకు కొలిమి చల్లబరిచి, రెండింటికి మళ్లీ రాజేస్తారు. రోజూ దొరికే ఆ గంట తీరికలో సమ్మెటాయన అప్పటికి పద్నాలుగు వందల పన్నెండు సార్లు చచ్చాడు. లెక్క ఆయన పెట్టింది కాదు, ఫోనుది. చచ్చిన ప్రతిసారీ అది ఎన్నో ప్రయత్నమో తెర మీద చూపిస్తుంది. రెప్పపాటు ఆగి, మళ్లీ మొదటికి తెచ్చి నిలబెడుతుంది. తిట్టదు. అయ్యో అనదు.

చూడ్డానికి ఆ ఆటలో ఏమీ లేదు. పసుపు రంగు గడి ఒకటి, దానికి రెండు కళ్లు. దానంతట అదే కుడివైపు పరిగెడుతుంది. ఆపలేం, వెనక్కి తిప్పలేం. తెర మీద వేలు పెడితే గెంతుతుంది. ఆడేవాడి చేతిలో ఉన్నది ఆ గెంతు ఒక్కటే. దారి పొడవునా ముళ్లు, తిరిగే రంపాలు, గోతులు. అన్నీ ఒక పాట దరువుకు సరిగ్గా అతికించి కట్టినవి. దరువు పడిన చోట గెంతితే ముల్లు కాలికింద జారిపోతుంది. వెంట్రుకవాసి ముందయినా, వెనకయినా గడి చిట్లి ముక్కలవుతుంది. మొత్తం దారి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు దాటడానికి కొందరికి నెలలు పడుతుందట.

దాన్ని ఆయన చేతిలో పెట్టింది కమ్మరి కూతురు. మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. కాలికి కట్టు వేయించుకుని, కాలేజీకి సెలవు పెట్టి, కొలిమి ముందు గదిలో బల్ల దగ్గర కాలు చాపుకుని కూర్చుంటోంది. వచ్చినవాళ్లకు ఏం కావాలో రాసుకోవడం, మిగతా సమయమంతా ఆట.

"మామయ్యా, ఒక్కసారి వేలు పెట్టండి. ఊరికే."

"నాకెందుకమ్మా."

"నా వల్ల సగం కూడా దాటట్లేదు. నాకంటే అన్యాయంగా ఆడేవాళ్లని ఒక్కరినైనా చూడాలనుంది."

ఆయన వేలు పెట్టాడు. మూడు క్షణాల్లో చచ్చాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆయన ఫోను వెనక్కిచ్చి, రెండడుగులు వేసి, ఆగి, తిరిగొచ్చి చెయ్యి చాపాడు. అది రెండు నెలల కిందటి మాట.

సమ్మెటాయన అన్నది ఆయన పేరు కాదు, పని. కొలిమి దగ్గర ఇద్దరుంటారు. కమ్మరి ఎడం చేత్తో పట్టకారు, కుడి చేత్తో చిన్న సుత్తి పట్టుకుని, ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెడతాడు. ఎక్కడ దెబ్బ పడాలో అక్కడ సుత్తితో టింగుమనిపిస్తాడు. ఎదురుగా నిలబడ్డవాడు అదే చోట ఏడు కిలోల సమ్మెట దించుతాడు. సుత్తి అడుగుతుంది, సమ్మెట జవాబు చెబుతుంది. సుత్తి ఇనుమును వదిలి ఉత్త దాగలి మీద మోగితే ఆపమని. ఇద్దరి మధ్యా ఉన్న భాష అంతే. నోటికి పని లేదు.

ఆ భాష ఆయనకు బాగా నప్పింది. కమ్మరి ఆయన భార్యకు అన్న. ఇరవై ఆరేళ్లుగా ఒకే దాగలికి అటూ ఇటూ నిలబడ్డారు. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. కమ్మరి నోరు మూతపడదు. సమ్మెటాయన అడిగితే పలుకుతాడు, అడక్కపోతే లేదు. ఆయన తనంతట తాను మాట మొదలుపెట్టడం పెళ్లయిన కొత్తలో ఒకటి రెండుసార్లు చూసినట్టు భార్యకు గుర్తు. అదీ ఒట్టేసి చెప్పలేదు.

ఆటలో ఆయన చాలా దూరం పోయాడు. ఇరవై శాతం, నలభై, యాభై ఐదు. కమ్మరి కూతురికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత బల్ల మీద గడ్డం ఆనించి చూస్తూ ఉండిపోయేది. ఇనుప కడ్డీల్లాంటి వేళ్లు ఆయనవి. గోళ్ల సందుల్లో ఎప్పటి మసో. ఆ బొటనవేలు అద్దం మీద చీమ వాలినంత తేలిగ్గా వాలేది.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆయన చప్పుడు కట్టేసి ఆడేవాడు.

"పాట లేకుండా ఎలా ఆడతారు మామయ్యా? ఇది పాట మీద కట్టిన ఆట."

"మీ నాన్న కునుకు తీస్తున్నాడుగా. మోత ఎందుకు?"

కంటితోనే నేర్చుకున్నాడాయన. ఏ ముల్లుకు ఎంత ముందు వేలు పడాలో, ఏ రంపం ఎన్నో తిరుగుడులో కిందికి దిగుతుందో, ఒక్కో అడుగు కొని తెచ్చుకున్నట్టు నేర్చుకున్నాడు. ఒకే చోట రెండొందల సార్లు చచ్చి, రెండొందల ఒకటోసారి దాటి, మరో రెండు గజాల్లో ఇంకో చోట చచ్చేవాడు. మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు.

"విసుగు రాదా మీకు?" అని అడిగింది ఒకరోజు.

"ఎందుకొస్తుంది? నిన్న ఆ ముల్లు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. మనం నిద్రపోయాక జరిపి పెట్టలేదు. దీన్ని కట్టినవాడు ఎవడో గానీ పనిమంతుడు. మోసం లేదు. చచ్చానంటే తప్పు నాదే. నాదైతే దిద్దుకోవచ్చు."

మామయ్య నోట అన్ని మాటలు ఒకేసారి రావడం ఆ పిల్ల పుట్టాక అదే మొదలు.

డెబ్భై ఒకటో శాతం దగ్గర సొరంగం వచ్చింది. గడి అందులోకి దూరగానే తెర మొత్తం నల్లబడింది. ముల్లు లేదు, రంపం లేదు, గడి కళ్లు కూడా లేవు. ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. చచ్చాడు. మళ్లీ అక్కడిదాకా వచ్చి మళ్లీ చచ్చాడు.

"అక్కడ కళ్లతో పని లేదు మామయ్యా," అంది కమ్మరి కూతురు. "వీడియోల్లో చూశాను. డప్పు ఒక్కటే మోగుతుంది. మోగినప్పుడల్లా గెంతాలి. ఇరవై నాలుగు గెంతులు. ఒకటి దగ్గరగా, ఒకటి ఎడంగా, వరస ఉండదు. లెక్కలు పెట్టి దాటినవాళ్లు లేరట. చెవులుంటే చాలు, అంతే."

సమ్మెటాయన ఫోను బల్ల మీద పెట్టేసి, పనుందని లోపలికి పోయాడు. అప్పటికి రెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆయనకు చెవులు పోతున్నాయి. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. సన్నటి చప్పుళ్లు ముందు పోయాయి. పిచ్చుకలు, సైకిలు గంట, కుక్కరు కూత. సమ్మెట దెబ్బ, లారీ మోత మిగిలాయి. బావ గొంతు బొంగురు కనక ఎదురుగా నిలబడి మాట్లాడితే అందుతుంది. మిగతావాళ్ల మాటలు పెదవుల కదలిక చూసి పోల్చుకుంటాడు. ఏడాదిగా దాగలి మీద సుత్తి మోగడం కూడా అందడం మానేసింది. ఇనుము మీద ఉండాల్సిన చూపును సుత్తి మీద పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. సుత్తి ఎత్తు చూసి, వాలు చూసి దెబ్బ వేస్తున్నాడు.

కిందటి నెల ఒక్కసారి చూపు ఇనుము మీదకు జారింది. అదే క్షణంలో కమ్మరి సుత్తిని ఉత్త దాగలి మీద మోగించి, ఇనుము తిప్పడానికి చెయ్యి ముందుకు పెట్టాడు. సమ్మెట దిగింది. చేతికీ దెబ్బకీ మధ్య బెత్తెడు కూడా లేదు.

"నిద్రపోతున్నావా బావా!"

"చెమట. కంట్లో పడింది."

కమ్మరి నమ్మాడు. నమ్మకపోవడానికి ఇరవై ఆరేళ్లలో కారణం లేదు. ఆ వారమే పక్క వీధిలో కరెంటు సుత్తి ఒకటి చూసొచ్చి, "కొడుతుంది బావా, భలే కొడుతుంది. కానీ ఆపమంటే దానికి వినపడదు. చెవుల్లేనిదానికి నా చెయ్యి ఎలా అప్పజెప్పను?" అని గట్టిగా నవ్వాడు. సమ్మెటాయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు పడవల రేవు వాళ్లు పన్నెండు ఇనుప పలకలు కావాలన్నారు. రేవు గోడకు బిగించే మందపాటి పలకలు. ఒక్కోదాని మధ్యలో బొటనవేలు దూరేంత తూటు పొడవాలి. వచ్చే సోమవారం మొదలు. తూటు పొడిచేటప్పుడు కమ్మరి చేతిలో చిన్న సుత్తి ఉండదు. ఒక చేత పట్టకారు, ఒక చేత తూటు ఉలి. సమ్మెట వేసేవాడి చూపు నాణెమంత ఉలి తల మీద నుంచి కదలకూడదు. రెండు దెబ్బలకో, మూడు దెబ్బలకో, ఇనుము రంగును బట్టి కమ్మరి పట్టకారును దాగలి అంచుకు తాటిస్తాడు. తాటించిన వెంటనే ఉలి లాగి నీళ్లలో ముంచుతాడు, మెడ వంచి తూటులోకి చూస్తాడు. తాటింపు వినని మనిషి చేతిలో సమ్మెట ఉంటే ఏమవుతుందో సమ్మెటాయన చూడక్కర్లేదు. చూసినట్టే ఉంది.

చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే బావ చెయ్యి పోతుంది. ఈ రెంటి మధ్య తిరుగుతూ తిరుగుతూ ఆయన ఒక పిచ్చి ఆలోచన దగ్గర ఆగాడు. ఆ సొరంగం దాటగలిగితే తాటింపు కూడా అందుకోగలడు. సొరంగం దాటలేకపోతే సమ్మెట దించేయాలి. సోమవారానికి పదకొండు రోజులుంది.

దారి చూపించింది భార్య కుట్టుమిషను. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆదివారం పొద్దున ఆయన మిషను బల్ల మీద మోచెయ్యి ఆనించి, పిడికిలి మీద దవడ పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పెడలు తొక్కింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. సూది చప్పుడు, టకటకా, ఒక్కో కుట్టూ విడివిడిగా తలలో మోగుతోంది. ఏడాదిగా వినని చప్పుడు. చెయ్యి తీశాడు, పోయింది. పెట్టాడు, వచ్చింది. చెవి దారి మూసుకుపోతే చప్పుడు ఎముక దారి పట్టి వస్తోంది.

"ఏమయ్యా, పక్కకి జరుగు. మసి చేతులు తెల్లబట్ట మీద పెట్టకు. ఎన్నిసార్లు చెప్పాలి? నా మాట తప్ప ఊళ్లో అందరి మాటా వినపడుతుంది నీకు!"

ఆయన జరగలేదు. పళ్లెం పగలగొట్టి దొరికిపోయిన పిల్లాడిలా ఆవిడ వంక చూసి నవ్వాడు. ఆవిడ కంగారుపడి నుదురు ముట్టుకుని చూసింది.

మర్నాడు మధ్యాహ్నం చప్పుడు పెంచి ఆడాడు. సొరంగం దాకా కళ్లతో వచ్చాడు. తెర నల్లబడగానే ఫోను ఎత్తి, దాని అంచు చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, బొటనవేలితో తెర మీద కొట్టాడు. చీకట్లో చూసేది ఎలాగూ లేదు కదా. కమ్మరి కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎవరికి ఫోన్ చేస్తున్నారు మామయ్యా?"

డప్పు వినపడింది. దూరంగా, బావిలోంచి వచ్చినట్టు, కానీ స్పష్టంగా వినపడింది. అయినా మొదటి గెంతులోనే చచ్చాడు. ఆ రోజు నలభైసార్లు అక్కడే. మర్నాడూ అక్కడే. ఆ తర్వాతి రోజూ అక్కడే. డప్పు అందుతోంది, వేలు పడుతోంది, గడి చిట్లుతోంది. ఆట కట్టినవాడు మోసం చేయడని ఆయనే అన్నాడు. అయితే తప్పు ఎక్కడో తనలోనే ఉండాలి. అది ఎక్కడో తెలియడం లేదు.

గురువారం పొద్దున గడ్డపార మొన సాగదీస్తుండగా తెలిసింది. సుత్తి వాలింది, సమ్మెట దిగింది. సుత్తి వాలింది, సమ్మెట దిగింది. తన చేతులనే పరాయివాడి చేతుల్లా చూస్తూ కొట్టాడాయన. ఈ చేతులు దరువు పడ్డాక కదులుతాయి. ముందు అవతలివాడు అనాలి, తర్వాత ఇవి పలకాలి. ఇరవై ఆరేళ్లుగా వీటికి తెలిసిందల్లా జవాబే. సొరంగంలో డప్పుకు జవాబు అక్కర్లేదు. డప్పుతోపాటు పడాలి. అంటే ఏ డప్పు ఎంత ఎడంలో పడుతుందో గుర్తుపెట్టుకుని, అది రాకముందే వేలు బయలుదేరాలి. అక్కడ చిన్న సుత్తి తనే.

చెప్పడానికి తేలికే. చేతికి నేర్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. ముందుగా పోయి చచ్చాడు, మరీ ముందుగా పోయి చచ్చాడు, భయపడి వెనక్కి తగ్గి చచ్చాడు. నాలుగు గెంతులు, ఏడు గెంతులు, మళ్లీ రెండు. లోపల ఏదో బిగుసుకున్నది మెల్లగా వదులుతున్నట్టుంది. దరువును విన్నాక పట్టుకోవడం కాదు, ముందే వెళ్లి దాని కోసం నిలబడ్డం. ఆ రోజు ఆఖరి ప్రయత్నంలో పదిహేను గెంతులు దాకా పోయాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

శుక్రవారం, పంతొమ్మిది వందల ఏడో ప్రయత్నం. డెబ్భై ఒకటి దాకా కంటితో వచ్చి ఫోను చెవి వెనక పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు కదులుతోంది. కమ్మరి కూతురు ఈసారి నవ్వలేదు. పైకే లెక్కపెడుతోంది. పన్నెండు. పదమూడు. ఆయన పెదవులు బిగిసి ఉన్నాయి, భుజాలు వదులుగా ఉన్నాయి. సమ్మెట బాగా సాగే రోజున ఆయన నిలబడే తీరే అది. పద్దెనిమిది. ఇరవై. ఆ పిల్ల కట్టుకాలు సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

ఆయన చెంప మీద పసుపు వెలుగు పడింది. తెర వెలిగింది. సొరంగం అయిపోయింది.

"వచ్చేశారు! మామయ్యా, వెలుగొచ్చేసింది! దించండి, ఫోను దించండి!"

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"మామయ్యా!"

జానెడు దూరంలోంచి గొంతు చించుకుని అరిచింది. వీధిలో పోయేవాడు ఆగి లోపలికి చూశాడు. లోపలి గదిలో కునుకు తీస్తున్న కమ్మరి "ఏంటే?" అన్నాడు. సమ్మెటాయన రెప్ప కూడా కదల్లేదు. ఇరవై అయిదో డప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. వెలుగులో మొదటి ముల్లుకే గడి చిట్లింది.

ఫోను దించి చూశాడు. ఎనభై మూడు. మొహం వెలిగిపోయింది. తలెత్తేసరికి ఎదురుగా ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూశాక ఆయనకు విప్పి చెప్పక్కర్లేకపోయింది.

ఆ పిల్ల కుర్చీలో కూర్చుంది. ఆయన మొహానికి ఎదురుగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లు. బాగా పోయింది ఏడాది."

"చప్పుడు కట్టేసి ఆడింది అందుకా?"

తలూపాడు.

"పంతొమ్మిది వందల సార్లు... వినపడకుండా..." ఆ పిల్ల గొంతులో మెచ్చుకోలు వచ్చేసింది. అంతలోనే సోమవారం గుర్తొచ్చింది. గొంతు మారింది. "నాన్న చెయ్యి మామయ్యా."

"తెలుసు."

"నేను చెప్పనా? మీరు చెప్తారా?"

"నేనే చెప్తా."

"మీరా?" అంది. ఎగతాళి కాదు, నమ్మలేక. "ఎలా మొదలుపెడతారు?"

ఆయన ఫోను ఆ పిల్ల ముందుకు జరిపాడు.

"ఇంకా పదిహేడు శాతముంది," అంది.

"ఉండనీ."

శనివారం పొద్దుటి నుంచి బావ మాటల్లో సందు కోసం చూశాడు. దొరకలేదు. కమ్మరి బొగ్గు తడి గురించి, రేవు వాళ్ల తొందర గురించి, పెద్దమ్మాయి మొగుడి కారు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. సందు దొరికాక చెబుదాం అనుకుంటే అది కూడా జవాబే అవుతుందని సాయంత్రానికి అర్థమయింది. కమ్మరి వీపు తిప్పి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, ఏదో చెబుతూనే.

"బావా."

కమ్మరి చేతులు ఆగిపోయాయి. తిరిగి చూశాడు. "ఏమైంది? ఇల్లు తగలబడిందా?"

"నాకు వినపడదు. సుత్తి మోగడం వినపడి ఏడాదయింది. ఆ రోజు పడింది చెమట కాదు."

కమ్మరి తడి చేతులు చొక్కాకు తుడుచుకోలేదు. కుడిచేతిని మొహం ముందుకు తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి, కొత్త వస్తువులా చూసుకున్నాడు.

"ఏడాది," అన్నాడు. "ఈ చెయ్యి ఏడాది నుంచి నీ దెబ్బ కింద పెడుతున్నాను. ఒక్క మాట! ఒక్క మాటకి నీ నోరు అరిగిపోయేదా?"

"తప్పే."

"తప్పు కాదు, బావా. ఇంకేదో. నాకు మాట దొరకట్లేదు." కమ్మరికి మాట దొరక్కపోవడం కూడా ఆ రోజే మొదలు. తలుపు వేయకుండానే వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి భార్యకు కూడా తనే చెప్పాడు. ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

"చెవులా?" అంది. "నన్ను లెక్కచెయ్యడం మానేశావనుకుని ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? చెవులా! నయం." అని, మళ్లీ ఏడ్చింది.

సోమవారం ఆరింటికి సమ్మెటాయన కొలిమి తలుపు తీశాడు. వెనక గోడకు ఆనించి ఉన్న టేకు పలక ఒకటి మోసుకొచ్చాడు. దాగలి కింది మొద్దును గడ్డపారతో ఎత్తి, పలక ఒక కొస దాని కిందికి దూర్చాడు. రెండో కొస తను నిలబడే చోటికి వచ్చింది. దాని మీద నిలబడి, వంగి, పట్టకారుతో దాగలి అంచును తాటించి చూశాడు. మళ్లీ చూశాడు. కమ్మరి వచ్చేసరికి ఆ పనిలోనే ఉన్నాడు. వెనకే కూతురు, చంకలో కర్ర.

"ఏంటిది?" అన్నాడు కమ్మరి, మొహం గంటు పెట్టుకుని.

"తాటిస్తే కాల్లోకి వస్తుంది. ఎముకలోంచి."

"ఎవడు చెప్పాడు?"

"ఆట," అంది కూతురు. "నాన్నా, అరవకు. ముందు పరీక్ష పెట్టు. తప్పితే అప్పుడు అరుద్దువుగాని, నేనూ అరుస్తా."

కమ్మరి ఇనుము పెట్టలేదు. దాగలి మీద చెక్క ముక్క పెట్టి, ఉలి బదులు కర్రపుల్ల నిలబెట్టాడు. సమ్మెటాయన పుల్ల తల మీద చూపు నిలిపాడు. దెబ్బ, దెబ్బ, తాటింపు. ఆగాడు. దెబ్బ, తాటింపు. ఆగాడు. నాలుగు దెబ్బలు, తాటింపు. ఆగలేదు. పుల్ల నుజ్జయింది. ముప్ఫైసార్లలో నాలుగుసార్లు తప్పాడు.

కమ్మరి పట్టకారు విసిరేసినంత పని చేశాడు. "నాలుగు, బావా. నాకున్నవి రెండు చేతులు."

కూతురు కర్రతో సమ్మెటాయన పాదం చూపించింది. "ఆ బూట్లు లారీ టైరంత మందం ఉన్నాయి. ఏం తెలుస్తుంది?"

నిప్పురవ్వల మధ్య ఉత్త కాళ్లతో నిలబడే పని కాదు. ఆయన బూట్లు విప్పి, పాత తోలు ఏప్రాను కోసి, పాదాలకు పలచగా చుట్టుకున్నాడు. మళ్లీ పలకెక్కాడు. ఈసారి కమ్మరి మోసం చేయడానికి తన తెలివంతా వాడాడు. ఒక దెబ్బకే తాటించాడు, తొమ్మిదికి తాటించాడు, గోరుతో గీకినంత మెల్లగా తాటించాడు, దగ్గాడు, అరిచాడు, కాలితో నేలను తన్నాడు. సమ్మెటాయన తాటింపుకు తప్ప దేనికీ ఆగలేదు. ఒకసారి సమ్మెట నెత్తి మీదుండగా తాటింపు వచ్చింది. దాన్ని అలాగే పక్కకు తిప్పి నేల మీద వదిలాడు. ముప్ఫైకి ముప్ఫై. ఇంకో ముప్ఫైకి ముప్ఫై.

కమ్మరి చెమట తుడుచుకున్నాడు. చాలాసేపు టేకు పలక వైపు చూశాడు. ఒక చివర మొద్దు కింద, ఒక చివర మనిషి కింద.

"పుల్ల వేరు, వేళ్లు వేరు," అన్నాడు.

"వేరే," అన్నాడు సమ్మెటాయన. "వద్దంటే పోతా. నువ్వు చెప్పు."

కమ్మరి వెళ్లి కొలిమికి గాలి ఊదే ఫ్యాను స్విచ్ వేశాడు. కొలిమి రగిలింది.

మొదటి ఇనుప పలక నారింజ పండు రంగుకు వచ్చాక దాగలి మీద పడింది. కమ్మరి ఉలి నిలబెట్టాడు. కమ్మరి చూపు ఉలి మీద లేదు, సమ్మెట మీద ఉంది. దెబ్బ. దెబ్బ. తాటింపు. సమ్మెట ఆగింది. అయినా కమ్మరి చెయ్యి కదలకుండా ఒక్క ఊపిరి సేపు నిలబడి, అప్పుడు ఉలి లాగింది. రెండో పలకకు ఆ ఊపిరి సగమయింది. మూడో పలకలో మూడు దెబ్బలకు తాటించి, కమ్మరి మెడ వంచి నేరుగా తూటులోకి చూశాడు. సమ్మెట ఆయన మెడ మీద గాల్లో నిలబడి ఉంది. ఆయన తలెత్తి చూడలేదు. తూటులోకి చూస్తూనే, అలవాటు కొద్దీ, ఏదో అన్నాడు.

నిన్నటిదాకా అయితే సమ్మెటాయన ఊ కొట్టేవాడు.

"ఏంటి బావా?" అన్నాడు. "వినపడలేదు."

కమ్మరి తలెత్తి, ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. "తూటు గుండ్రంగా వచ్చింది అంటున్నా! ఇంకా తొమ్మిదున్నాయి అంటున్నా!"

"అలాగే," అన్నాడు సమ్మెటాయన.